ఏడో టవరు ర్యాంపు

జ్యేష్ఠం, సోమవారం

పొద్దున షెడ్డుకి బయల్దేరి లిఫ్టు దిగేసరికి ర్యాంపు గోడకి నోటీసు అంటించి ఉంది. "ఏడో టవరు ముందున్న ర్యాంపును వాడుకలో లేని నిర్మాణంగా గుర్తించి తొలగిస్తున్నాము. ఆ స్థలంలో చట్రాలకు చార్జింగు స్టాండు వస్తుంది." కింద సెక్రటరీ సంతకం, గెద్దాడ సోమరాజు.

వాడుకలో లేదట. ఆ మాట చదువుతున్నప్పుడు నా కుర్చీ చక్రాలు ఆ సిమెంటు మీదే ఉన్నాయి. మంచినీళ్ళ బోటు వచ్చిన రోజు టవరు మొత్తం పీపాలు దొర్లించుకుపోయేదీ దాని మీదే.

పక్క ఫ్లాటు తులసమ్మగారు మెట్ల మీద టకటకా దిగుతూ నన్ను చూసి ఆగారు. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాక ఆవిడా చట్రం వేసుకున్నారు. నడుం నుంచి పాదాల దాకా నల్లటి ఊచలు, మోకాళ్ళ దగ్గర చిన్న మోటార్లు. మా సముద్రపు గట్టు మీద ఇప్పుడు సగం మంది కాళ్ళకి అవే.

"చదివావా?" అన్నారు.

"చదివాను."

"పోనీలే. ఈ వంకనైనా వేసుకుంటావు. ఉచితంగా ఇస్తామంటే వద్దని ఆ కుర్చీలో కూర్చోవడం ఏమిటో, చూసేవాళ్ళకే ఎబ్బెట్టుగా ఉంటుంది."

"చూడకండి మరి" అన్నాను.

ఆవిడ మూతి తిప్పుకుని వెళ్ళిపోయారు. నేను షెడ్డుకి వెళ్ళి సాయంత్రం దాకా తెరచాపలు కుట్టాను. డీజిలు పోయాక పడవలన్నిటికీ మళ్ళీ తెరచాపలు వచ్చాయి, మా షెడ్డుకి ఊపిరాడని పని. ఇవాళ రెండు సూదులు విరగ్గొట్టాను.

కోపం వస్తే రాయడం నాకు అలవాటు. మనుషుల్ని తిడితే తిరిగి తిడతారు, కాగితం పడి ఉంటుంది.

జ్యేష్ఠం, బుధవారం

సోమరాజు ఆఫీసుకి వెళ్ళాను. మా టవర్లోనే, కింది అంతస్తులో. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మర్యాదకి కాదు. వాడికి లేచి నిలబడటం ఇష్టం.

సోమరాజుకీ నాకూ స్నేహం పాతది. ఇద్దరం ఒకే వరదలో ఒకే గోడ కింద పడ్డాం. వాడికి నడుం, నాకు వెన్ను. ఈ టవరు కట్టినప్పుడు ముందు మెట్లే పెట్టారు. అప్పట్లో ఇంకా వికలాంగుల హక్కుల చట్టం ఉండేది. మా కుర్చీలు గేటుకి అడ్డంగా పెట్టి, సిమెంటు లారీని లోపలికి పోనివ్వకుండా కూర్చున్నాం ఇద్దరం. ఎండకి వాడు సొమ్మసిల్లితే నా నీళ్ళు వాడి మొహాన కొట్టాను. అలా వచ్చింది ఆ ర్యాంపు.

"నీ చేత్తోనే ఎలా సంతకం పెట్టావురా?" అని అడిగాను.

"అప్పుడు అవసరం, కొట్లాడాం. ఇప్పుడు అవసరం లేదు. చట్రాలొచ్చాయి."

"నాకు అవసరం."

"నీకున్నది అవసరం కాదు వల్లీ, మొండితనం. పూర్ణాంగ చట్టంలో ఏముంది? చట్రం అందుబాటులో ఉన్నవాళ్ళు వికలాంగులు కారు. నీ చట్రం నీ మంచం కింద ఉంది. ఇంక నీకు లోపమేమిటి?"

"నా చట్రం మంచం కింద ఎందుకుందో నీకు తెలుసు."

వాడు కిటికీ దగ్గరకి నడిచాడు. అడుగు వేసినప్పుడల్లా ఎడమ తుంటి దగ్గర కొద్దిగా వెనకాడుతున్నాడు. నేను గమనించానని గమనించి తిన్నగా నిలబడ్డాడు.

"నేను లేచి నిలబడిన రోజు మా అమ్మ నా మొహం పైకెత్తి చూసింది. అన్నేళ్ళూ వంగే చూసింది" అన్నాడు. "నువ్వు ఆ కుర్చీలో తిరిగినంత కాలం జనం నన్ను కూడా అలాగే గుర్తుపెట్టుకుంటారు."

అదీ సంగతి. ర్యాంపు కాదు వాడు తీసెయ్యాలనుకుంటున్నది.

జ్యేష్ఠం, శనివారం

ర్యాంపు మీద పూర్ణాంగ మండలిలో కేసు వెయ్యడానికి పిలిపిస్తే, వకీలు జుబేదా బేగం ఇంటికొచ్చింది. చిన్నపిల్లే, కానీ మాట కత్తి. "అక్కా, చట్రం ఎందుకు తీసేశారో ఉన్నదున్నట్టు చెప్పండి. నాకు చెప్పినట్టే విచారణ రోజు మండలి ముందు చెప్పాలి" అంది.

చెప్పాను. ఇక్కడా రాస్తున్నాను.

చట్రం వేసుకుని రెండేళ్ళు నడిచాను. తొడల మీద ఊచలు ఒరుసుకుని చర్మం లేచిపోయేది. అది ఓర్చుకున్నాను. ఒకరోజు చేపల మార్కెట్లో, రొయ్యల బుట్టల మధ్య ఉండగా చట్రం ఆగిపోయింది. కంపెనీవాళ్ళు ఎక్కడో కూర్చుని ఏదో తనిఖీ పెట్టుకున్నారు. మోకాళ్ళ దగ్గరా తుంటి దగ్గరా తాళాలు పడ్డాయి. కూర్చోలేను. పడను కూడా పడలేను. పడితే ఎవరైనా వచ్చి లేపుతారు. నిలబడి ఉన్న మనిషిని ఎవరు పట్టించుకుంటారు? జనం నన్ను తప్పుకుంటూ పోయారు. దారికడ్డంగా నిలబడ్డావేంటని ఒకామె బుట్టతో నన్ను నెట్టింది. ఎండ నడినెత్తికొచ్చింది. ఆపుకోలేక అక్కడే ఒంటేలు పోయింది, పాదాల దాకా కారింది. కంపెనీకి ఫోను చేస్తే, మీ చట్రం సక్రమంగా పనిచేస్తోంది అన్నారు.

అప్పుడు సోమరాజు వచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి నా నడుముకి చుట్టాడు. తాళాలు విడేదాకా నాకు నీడపడేలా ఎదురుగా నిలబడ్డాడు. ఎవరైనా చూస్తే కబుర్లాడుకుంటున్నామనుకోవాలని, సినిమాల గురించి ఏదేదో మాట్లాడాడు.

ఆ రోజే ఇంటికొచ్చి చట్రం విప్పేశాను.

జుబేదా అంది, "రెండు దారులున్నాయి. మీ ఒంటికి చట్రం పడదని డాక్టరు చేత రాయిస్తాను. మీకు మాత్రం మినహాయింపు వస్తుంది. ఇది తేలిక. లేదా ఉన్న నిజం చెప్పండి. వేసుకోగలను, వేసుకోనని. అప్పుడు ఓడిపోయే అవకాశమే ఎక్కువ."

"నిజం చెబితే నెగ్గినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడం వల్లే, వద్దన్నవాళ్ళు ఎవరూ లేరని చట్టం చేసినవాళ్ళు చెప్పుకుంటున్నారు."

రెండో దారే అన్నాను. మరి సాక్షి కావాలంది. ఏ చట్రమూ ఎక్కడా ఆగలేదని కంపెనీ చెబుతోంది కాబట్టి, ఆ రోజు చూసినవాళ్ళు కావాలి.

చూసింది ఒక్కడే.

ఆషాఢం, మంగళవారం

పూర్ణాంగ మండలి. భవనం నిండా మెట్లు. కింద గార్డులు ఇద్దరూ నా కుర్చీ చుట్టూ తిరిగి, దీన్నెలా అని ఒకళ్ళనొకళ్ళు అడిగారు. చివరికి చంకల కింద ఒకడు, మోకాళ్ళ కింద ఒకడు పట్టి ఎత్తారు. కుర్చీ కిందే ఉండిపోయింది. లోపల వీపు ఆనని బల్ల మీద కూలేశారు. పక్కకి జారిపోతుంటే జుబేదా తన ఫైళ్ళు తెచ్చి ఆసరా పెట్టింది. ఎవరో నవ్వారు.

అధ్యక్షుడు నన్ను తేరిపార చూసి ఒకే ప్రశ్న అడిగాడు. "అమ్మా, మీరు నడవలేరా, నడవరా?"

"చట్రం వేసుకుంటే నడవగలను. వేసుకోను."

వెనకాల బల్లల్లో గుసగుసలు లేచాయి. "కొవ్వు" అన్న మాట స్పష్టంగా వినిపించింది. మార్కెట్ సంగతి మొత్తం చెప్పాను. ఒంటేలు దగ్గర నా గొంతు తడబడలేదు. తడబడకూడదని ముందే అనుకున్నాను.

సోమరాజుని కంపెనీవాళ్ళే పిలిపించుకున్నారు, వాళ్ళ తరఫున. బోనులోకి హుందాగా నడిచొచ్చాడు. జుబేదా లేచింది.

"మార్కెట్లో కనకవల్లిగారి చట్రం ఆగిన రోజు మీరక్కడున్నారా?"

"ఉన్నాను."

"ఆగిందా?"

వాడు నా వైపు చూడలేదు. కంపెనీ బల్ల వైపు చూశాడు. "ఆమె అలిసిపోయి నిలబడింది. నాకు తెలిసినంతలో చట్రం ఆగలేదు."

"మీది ఎప్పుడైనా ఆగిందా?"

"లేదు."

నాకు వాడి మీద అరవాలనిపించలేదు. ఆ తువ్వాలు గుర్తొచ్చింది. అది వాడికి తిరిగిచ్చేసి ఉంటే బాగుండేదనుకున్నాను.

తీర్పు అప్పటికప్పుడే ఇచ్చారు. ర్యాంపు తీసెయ్యొచ్చు. అయితే నా మీద దయతలచి, పొద్దున ఒకసారి దింపడానికీ సాయంత్రం ఒకసారి ఎక్కించడానికీ ఒక మనిషిని ఏర్పాటు చేస్తారట.

"ఆ మనిషి రాని రోజు?" అని అడిగాను.

"ఇంట్లో ఉండండి" అన్నాడు అధ్యక్షుడు. వెటకారంగా కాదు, మామూలుగా అన్నాడు.

దయ వద్దని రాసిచ్చి, పెద్ద కోర్టుకి అప్పీలు వేశాం.

ఆషాఢం, శుక్రవారం

పొద్దున్నే సుత్తులు పడ్డాయి. అప్పీలు తేలేదాకా ఆగమని జుబేదా పెట్టిన అర్జీ ఇంకా ఎవరి బల్ల మీదో ఉంది. పైనుంచి చూస్తూ కూర్చున్నాను. లిఫ్టు దగ్గర మొదలయ్యే పై భాగం ముందు పగలగొట్టారు. కింది భాగం అలాగే ఉంది, ఎక్కడికీ చేరని దారిలా. ముక్కల్ని గట్టు అవతల సముద్రంలోకి తోశారు.

షెడ్డు మేస్త్రీ ఫోను చేశాడు. "నువ్వు రాకపోతే నీ మిషను మీద వేరేవాళ్ళని కూర్చోపెడతాను. నన్ను తప్పుపట్టకు. కావాలని మానేసింది నువ్వు" అన్నాడు. నా చేతులకేం కాలేదు, మెట్లే అడ్డం అన్నాను. "మెట్లు అందరికీ ఉన్నాయి కదా" అన్నాడు.

మధ్యాహ్నం నీళ్ళ బోటు వచ్చి వెళ్ళిపోయింది. నా పీపా ఖాళీ. ఎవర్నీ పిలవలేదు. కాసేపటికి తులసమ్మగారు బిందె తెచ్చి గుమ్మంలో పెట్టారు, చప్పుడయ్యేలా.

"నీ పొగరుకి నీళ్ళు పోస్తున్నాననుకోకు. దాహంతో చస్తే శవాన్ని దింపడానికి మళ్ళీ మేమే కావాలి" అన్నారు.

తాగాను. చల్లగా ఉన్నాయి.

శ్రావణం, ఆదివారం

ఇన్నాళ్ళూ గుమ్మం దాటలేదు. వాళ్ళు ఏర్పాటు చేస్తామన్న మనిషి ఒకసారి వచ్చాడు, వెనక్కి పంపేశాను. ఇల్లు ఇరుకైపోయింది. షెడ్డులో నా మిషను మీద వేరేవాళ్ళు కూర్చున్నారు, నేను తెరచాప గుడ్డ ఇంటికి తెప్పించుకుని చేత్తో కుడుతున్నాను. వేళ్ళు పగిలాయి.

మధ్యాహ్నం తలుపు కొట్టారు. చూస్తే సోమరాజు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుంది.

"లోపలికి రానిస్తావా?"

"ఎందుకు?"

"కూర్చోవాలి."

తలుపు వదిలి వెనక్కి జరిగాను. లోపలికొచ్చి గోడకి జారగిలబడి, చట్రం బిగింపులు ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టాడు. వాసన ముందొచ్చింది. ఎడమ తుంటి దగ్గర పుండు, అరచేయంత. లోపల ఎర్రగా, అంచులు నల్లగా. నొప్పి తెలియని ఒళ్ళు కదా, అంత పెద్దదయ్యేదాకా వాడికే తెలియలేదట. తెలిశాక దాచుకున్నాడు.

"డాక్టరు ఏమన్నాడు?"

"చట్రం విప్పెయ్యమన్నాడు. పుండు మానేదాకా. మానకపోతే ఎప్పటికీ."

"విప్పు మరి."

"విప్పి?" అన్నాడు. "పాత కుర్చీ ఎప్పుడో పాత సామాన్లవాడికిచ్చేశాను. ఉన్నా కిందికి ఎలా దిగుతాను? చట్రం లేని సెక్రటరీని ఎవరుంచుతారు? నాది కూడా ఆగింది వల్లీ. నాలుగుసార్లో అయిదుసార్లో. స్నానాల గదిలో ఒకసారి. బయట మా అమ్మ తలుపు కొడుతోంది, నేను పాటలు పాడుతున్నాను, ఏం జరగనట్టు."

వేడినీళ్ళు పెట్టి, గుడ్డ తడిపి వాడి చేతికిచ్చాను. నేను తుడవలేదు.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావు?"

"ఇంకెవరికి చెప్పను?"

"వచ్చే గురువారం పెద్ద కోర్టులో విచారణ. అక్కడ చెప్పు."

"అబద్ధపు సాక్ష్యం చెప్పానని తేలుతుంది. ఉన్నదంతా పోతుంది."

"నా దగ్గర ఉన్నదంతా పోయింది. నువ్వే తీసుకున్నావు."

వాడు పుండు తుడుచుకుని గుడ్డ పక్కన పెట్టాడు. తరవాత మళ్ళీ ఊచలు బిగించుకున్నాడు. పుండు మీద ఊచ పడినా వాడికి తెలియలేదు. గుమ్మం దగ్గర ఆగి ఏదో అనబోయాడు. తలుపు వేసేశాను. వేశాక, వాడి అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా తలుపు దగ్గరే ఉన్నాను. అది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

శ్రావణం, గురువారం

లిఫ్టు దిగాక కుర్చీలోంచి నేలమీదికి జారాను. మెట్ల మీద కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కో మెట్టూ పిర్రల మీద దిగాను. చీర పాడైపోతుందని పాతది కట్టుకున్నాను. మెట్లకి అటూ ఇటూ జనం నిలబడ్డారు. ఫోను తీసినవాళ్ళున్నారు. ఒకాయన, "చట్రం వేసుకుంటే ఈ బాధ ఉండేదా?" అని పైకే అన్నాడు. సగం దిగాక గుర్తొచ్చింది, కుర్చీ పైనే ఉంది. తలెత్తి చూస్తే తులసమ్మగారు దాన్ని మడిచి ఎత్తుకుని దిగుతున్నారు, ఆయాసపడుతూ.

"నన్నలా చూడకు. దారిలో అడ్డంగా ఉంది, తీశాను" అన్నారు.

రేవులో జుబేదా కలిసింది, బోటు మీద కోర్టు మిట్టకి చేరాం. అక్కడా మెట్లు. జుబేదా నా చెవిలో చెప్పింది. "కోర్టుల పాత నిబంధనల్లో ఒకటుంది. కక్షిదారు చేరుకోగలిగిన చోట విచారణ జరగాలి. చట్టం మార్చినప్పుడు అది రద్దు చెయ్యడం మరిచిపోయారు. మిమ్మల్ని ఎవరెత్తబోయినా ఒప్పుకోకండి."

బంట్రోతు పైనుంచి నా పేరు పిలిచాడు. ఉన్నానన్నాను. పైకి రమ్మన్నాడు. రానన్నాను. గార్డులు దిగొచ్చారు. "నా మీద చెయ్యి వేస్తే కేసు పెడతాను" అన్నాను. వాళ్ళు నవ్వుకుంటూనే ఆగిపోయారు.

జుబేదా పైకెళ్ళింది. ఎండలో కూర్చున్నాను. కోర్టుకొచ్చినవాళ్ళు నన్ను దాటుకుంటూ ఎక్కారు, దిగారు. చాలాసేపటికి జడ్జిగారు వరండాలోకి వచ్చారు. నెరిసిన జుట్టు పెద్దావిడ, చేతిలో ఆ నిబంధనల పుస్తకం. నా వైపు విసుగ్గా చూశారు. "నిబంధన ఉంది. నా కుర్చీ కిందికి తీసుకురండి" అని బంట్రోతుతో అన్నారు. కంపెనీ వకీలు గొడవ చేశాడు. "నాకు మాత్రం ఎండ సరదానా?" అన్నారావిడ.

అలా మెట్ల కింద విచారణ మొదలైంది. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. కంపెనీ వకీలు సోమరాజు వాంగ్మూలం చదువుతున్నాడు, "ఏ చట్రమూ ఆగలేదు" అని.

అప్పుడే రేవు వైపు నుంచి చేపల తోపుడుబండి వచ్చింది. కూలీ తోస్తున్నాడు. దాని మీద సోమరాజు పడుకుని ఉన్నాడు. కాళ్ళకి చట్రం లేదు. గోనెసంచి మీద, చేపల పొలుసుల మధ్య, ఇస్త్రీ చొక్కాతో.

"నేను సాక్షిని. ముందు చెప్పింది అబద్ధం" అన్నాడు. బండి ఇంకా ఆగనే లేదు.

జడ్జిగారు ప్రమాణం చేయించారు. వాడు అంతా చెప్పాడు. మార్కెట్టు, తువ్వాలు, స్నానాల గది. పుండు చూపించమంటే కట్టు విప్పి చూపించాడు. గార్డొకడు మొహం తిప్పుకున్నాడు.

"మీరు అబద్ధపు సాక్ష్యం చెప్పినట్టు ఒప్పుకుంటున్నారా? దానికి శిక్ష ఉందని తెలుసా?" అన్నాడు కంపెనీ వకీలు.

"తెలుసు. రాసుకోండి."

వాడి వైపు నేను చూడలేదు. చూస్తే ఏమవుతానో తెలియలేదు.

భాద్రపదం, సోమవారం

తీర్పు వచ్చింది. జుబేదా ఫోన్లో చదువుతుంటే ఒక వాక్యం రెండుసార్లు చదివించుకున్నాను. "హక్కు అడగడానికి మనిషి ముందు ఒక యంత్రం తగిలించుకుని, ఓడిపోయి చూపించాల్సిన పని లేదు." ర్యాంపు మళ్ళీ కట్టాలి. నా మిషను నాకివ్వాలి. పూర్ణాంగ చట్టం మాత్రం అలాగే ఉంది. ఈ తీర్పు మా ఏడో టవరుకే. ఎనిమిదో టవరువాళ్ళు వాళ్ళ కేసు వాళ్ళు వేసుకోవాలి. ఇద్దరు అప్పుడే జుబేదా నంబరు అడిగారు.

సోమరాజు పదవి పోయింది. అబద్ధపు సాక్ష్యం కేసు నడుస్తోంది. వాడి చట్రాన్ని కంపెనీ తీసేసుకుంది.

ఆశ్వయుజం, శనివారం

కొత్త సిమెంటు పచ్చిగా ఉండగా ఎవరో చేపల పేగులు కుమ్మరించారు. చార్జింగు స్టాండు పోయిందని కడుపుమంట. తాపీ మేస్త్రీ తిట్టుకుంటూ మళ్ళీ పూత పూశాడు. మెట్ల దగ్గర నా మొహం చూస్తే జనానికి ఇప్పటికీ మాటలు ఆగిపోతాయి. తులసమ్మగారు ఒక్కరే ఆగరు. సిమెంటు రంగు బాగాలేదని నన్ను తిట్టారు, నేను పూసినట్టు.

ఇవాళ ఆరింది. షెడ్డుకి బయల్దేరితే లిఫ్టు ముందు సోమరాజు ఉన్నాడు, ఎవరిదో అరువు కుర్చీలో. బాగా చిక్కాడు. విచారణ తరవాత మేమిద్దరం మాట్లాడుకోలేదు.

"వల్లీ, నన్ను..." అన్నాడు.

"ఆ మాట ఇప్పుడొద్దు. నాకింకా కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. నాకు పనికి ఆలస్యమవుతోంది, ముందు నువ్వు దిగు."

వాడు చక్రాల మీద చేతులు వేశాడు. కొంత దూరం బాగానే వెళ్ళాడు. మలుపు దగ్గర కుర్చీ అడ్డం తిరిగి, చక్రం గోడకి గీరుకుంది. అన్నేళ్ళు నడిచాక చేతులు మరిచిపోయాయి. వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

నేను వెళ్ళి పట్టుకోలేదు. పైనుంచే చెప్పాను.

"కుడి చెయ్యి వదులు. ఎడమది గట్టిగా పట్టు. ఆఁ, అలాగే. ఇప్పుడు తిప్పు."